గుండె: నిర్మాణం, పనితీరు, మార్పిడి - 1994లో దిల్లీ ఎయిమ్స్ శస్త్రచికిత్స ఏం చెబుతోంది?

1994 ఆగస్టు 3న దిల్లీలోని అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థ, ఎయిమ్స్ శస్త్రచికిత్స గదిలో ఒక కార్మికుడి ఛాతీ నుంచి శక్తి ఉడిగిన గుండెను వైద్యులు తొలగించారు. దాని స్థానంలో, మెదడులో రక్తస్రావం కారణంగా జీవన్మృతురాలైన ఒక మహిళ గుండెను అమర్చారు. కుట్లు పూర్తయి రక్తం తిరిగి ప్రవహించిన తరువాత ఆ గుండె కొత్త శరీరంలో స్పందించసాగింది. భారతదేశంలో విజయవంతమైన తొలి గుండె మార్పిడిగా ఆ శస్త్రచికిత్స చరిత్రలో నిలిచింది. కొత్త గుండెతో ఆ కార్మికుడు దశాబ్దానికి పైగా జీవించారు.

ఆ బృందానికి నాయకత్వం వహించినవారు తెలుగువారైన డాక్టర్ పి.వేణుగోపాల్. 1942లో రాజమహేంద్రవరంలో జన్మించిన ఆయన 1959లో ఎయిమ్స్‌లో వైద్య విద్యార్థిగా చేరి, అక్కడే హృదయ శస్త్రవైద్యుడై, 2003 నుంచి 2008 వరకు ఆ సంస్థకు డైరెక్టర్‌గా వ్యవహరించారు. 1998లో పద్మభూషణ్ పురస్కారం అందుకున్నారు. 2024 అక్టోబరులో కన్నుమూశారు.

ఒక మనిషి గుండె మరొకరి శరీరంలో ఎలా కొట్టుకోగలుగుతుంది? మెదడుతో సంబంధం పూర్తిగా తెగిపోయిన అవయవానికి లయ ఎక్కడి నుంచి వస్తుంది? ఈ రెండు ప్రశ్నలకు సమాధానం గుండె నిర్మాణంలోనే ఉంది. గుండె కొట్టుకుంటూ ఉండగానే ఒక మనిషి మరణించినట్లు చట్టం ఎందుకు అంగీకరించవలసి వచ్చిందన్న ప్రశ్నకూ సమాధానం అక్కడే లభిస్తుంది.

గుండె ఎక్కడ ఉంటుంది? ఎంత ఉంటుంది?

గుండె ఛాతీకి పూర్తిగా ఎడమవైపున ఉంటుందన్నది సాధారణంగా వినిపించే మాట. వాస్తవానికి అది రెండు ఊపిరితిత్తుల నడుమ, రొమ్ము ఎముకకు వెనుక, ఉదరవితానానికి పైన ఉంటుంది. దానిలో సుమారు మూడింట రెండు వంతులు మధ్యరేఖకు ఎడమవైపుకు ఒరిగి ఉంటుంది. కింది కొన ఎడమకు, ముందుకు వాలి పక్కటెముకలకు దగ్గరగా స్పందిస్తుంది కాబట్టి చప్పుడు ఎడమవైపే ఎక్కువగా తెలుస్తుంది.

పరిమాణంలో గుండె ఎవరి పిడికిలి అంత వారికి ఉంటుందని స్థూలంగా చెప్పవచ్చు. వయోజనుల్లో దాని బరువు సాధారణంగా 250 నుంచి 350 గ్రాములు. దాని చుట్టూ హృదయావరణం అనే రెండు పొరల సంచి ఉంటుంది. ఆ పొరల మధ్యనున్న పలుచని ద్రవం, నిరంతరం కదిలే గుండె చుట్టుపక్కల భాగాలతో ఒరుసుకుపోకుండా కాపాడుతుంది.

గుండె గోడలో మూడు పొరలున్నాయి. వెలుపల పలుచని పొర, లోపల రక్తాన్ని తాకే నునుపైన పొర, ఈ రెండింటి మధ్య మందమైన హృదయ కండరం. ఈ కండరం చేతులకూ కాళ్లకూ ఉండే కండరం వంటిది కాదు, పేగుల గోడల్లోని కండరం వంటిదీ కాదు. దాని కణాలు శాఖలుగా చీలి ఒకదానితో ఒకటి అల్లుకొని ఉంటాయి. ఒక కణంలో పుట్టిన విద్యుత్ ప్రేరణ పక్క కణానికి వెంటనే పాకుతుంది. అందువల్ల కోట్లాది కణాలున్నా గుండె ఒకే కండరంలా ముడుచుకుంటుంది. దెబ్బతిన్న హృదయ కణాలు తిరిగి ఏర్పడే శక్తి మాత్రం మనిషిలో అత్యల్పం. ఒకసారి నశించిన చోట కండరానికి బదులు మచ్చ మిగులుతుంది.

నాలుగు గదులు, రెండు పంపులు

గుండెలో నాలుగు గదులున్నాయి. పైన రెండు కర్ణికలు, కింద రెండు జఠరికలు. కర్ణికల గోడలు పలుచన. అవి వచ్చిన రక్తాన్ని స్వీకరించి, కింది గదుల్లోకి పంపుతాయి. జఠరికల గోడలు మందం. అవి రక్తాన్ని గుండె బయటికి నెడతాయి. కుడి భాగాన్నీ ఎడమ భాగాన్నీ ఒక గోడ వేరుచేస్తుంది. ఆరోగ్యవంతమైన గుండెలో ఆ రెండు వైపుల రక్తం ఎక్కడా కలవదు.

ఈ కారణంగా గుండెను ఒకే పంపుగా కాక, పక్కపక్కనే అతుక్కొని ఒకే తాళానికి పనిచేసే రెండు పంపులుగా భావించడం సముచితం. శరీరమంతా తిరిగి ప్రాణవాయువును కోల్పోయిన రక్తం రెండు మహాసిరల ద్వారా కుడి కర్ణికకు చేరుతుంది. అక్కడి నుంచి కుడి జఠరికకు, పుపుస ధమని గుండా ఊపిరితిత్తులకు వెళ్తుంది. ఊపిరితిత్తుల్లో కార్బన్ డయాక్సైడ్‌ను విడిచి, ఆక్సిజన్‌ను నింపుకొని, నాలుగు పుపుస సిరల ద్వారా ఎడమ కర్ణికకు తిరిగి వస్తుంది. ఎడమ జఠరిక ఆ రక్తాన్ని బృహద్ధమనిలోకి నెట్టి, తల నుంచి కాలి వేళ్ల దాకా పంపుతుంది.

రెండు జఠరికలూ ఒక్కో స్పందనలో దాదాపు సమానమైన రక్తాన్నే పంపుతాయి. అయితే కుడి జఠరిక పక్కనే ఉన్న ఊపిరితిత్తులకు పంపితే చాలు. దానికి 25 మిల్లీమీటర్ల పాదరసం మేర ఒత్తిడి సరిపోతుంది. ఎడమ జఠరిక శరీరమంతటికీ పంపాలి. అందుకు సుమారు 120 మిల్లీమీటర్ల ఒత్తిడి కావాలి. ఎడమ జఠరిక గోడ కుడి దానికంటే దాదాపు మూడు రెట్లు మందంగా ఉండటానికి కారణం ఇదే. రక్తపోటు పరీక్షలో కనిపించే పై సంఖ్య ఈ ఎడమ జఠరిక ఒత్తిడినే ప్రతిబింబిస్తుంది.

రక్తం ఇలా వలయంగా తిరుగుతుందని ఇంగ్లండ్ వైద్యుడు విలియం హార్వే 1628లో ప్రచురించిన గ్రంథంలో ప్రయోగపూర్వకంగా నిరూపించారు. అంతకు దాదాపు నాలుగు శతాబ్దాల ముందే, కుడి భాగంలోని రక్తం ఊపిరితిత్తుల గుండానే ఎడమ భాగానికి చేరుతుందని అరబ్బు వైద్యుడు ఇబ్న్ అల్-నఫీస్ రాశారు.

కవాటాలు: లబ్-డబ్ శబ్దానికి మూలం

రక్తం ముందుకే సాగాలి, వెనక్కి మళ్లకూడదు. ఆ పని నాలుగు కవాటాలది. కుడి కర్ణికకూ కుడి జఠరికకూ మధ్య మూడు రేకుల కవాటం ఉంటుంది. ఎడమవైపు రెండు రేకుల కవాటం ఉంటుంది. వైద్యులు మిట్రల్ వాల్వ్ అని పిలిచేది దీనినే. జఠరికల నుంచి పుపుస ధమని, బృహద్ధమని బయలుదేరే చోట అర్ధచంద్రాకార కవాటాలు ఉంటాయి.

జఠరికలు ముడుచుకోగానే పై కవాటాలు మూసుకుంటాయి. స్టెతస్కోపులో వినిపించే మొదటి శబ్దం, 'లబ్', అప్పటిది. జఠరికలు వదులుకాగానే అర్ధచంద్రాకార కవాటాలు మూసుకుంటాయి. రెండవ శబ్దం, 'డబ్', అప్పటిది. అంటే వైద్యులు వినేది ప్రధానంగా తలుపులు మూసుకునే చప్పుడునే. తలుపు సరిగా మూసుకోకపోయినా, ఇరుకైపోయినా రక్తం సుడులు తిరిగి అదనపు శబ్దం వస్తుంది. బాల్యంలో గొంతు ఇన్‌ఫెక్షన్ తరువాత వచ్చే రుమాటిక్ జ్వరం మిట్రల్ కవాటాన్ని తరచుగా దెబ్బతీస్తుంది. భారతదేశంలో కవాట వ్యాధులకు అది చాలాకాలంగా ఒక ముఖ్య కారణం.

నిమిషానికి 75 సార్లు కొట్టుకునే గుండెలో ఒక్కో స్పందన 0.8 సెకను ఉంటుంది. అందులో కర్ణికల సంకోచం 0.1 సెకను, జఠరికల సంకోచం 0.3 సెకను. మిగిలిన 0.4 సెకను గుండె మొత్తం వదులై రక్తంతో నిండుతుంది. జీవితాంతం విశ్రాంతి లేని అవయవమని గుండెను వర్ణించడం పరిపాటి. ఈ లెక్క చూస్తే, అది ప్రతి స్పందనలో సగం కాలం విశ్రాంతిలోనే ఉంటుంది. ఒక్కో స్పందనకు సుమారు 70 మిల్లీలీటర్ల చొప్పున నిమిషానికి దాదాపు 5 లీటర్లు, రోజుకు 7,000 లీటర్లకు పైగా రక్తాన్ని అది పంపుతుంది. రోజులో అది కొట్టుకునేది సుమారు లక్ష సార్లు.

లయ ఎక్కడ పుడుతుంది?

చేయి ఎత్తాలంటే మెదడు ఆదేశం ఇవ్వాలి, నాడి ఆ ఆదేశాన్ని చేరవేయాలి. గుండెకు ఆ అవసరం లేదు. మానవ హృదయాన్ని జీవశాస్త్ర పాఠ్యగ్రంథాలు 'కండరజనిత హృదయం' అంటాయి. స్పందన నాడి నుంచి కాక కండరం నుంచే జనిస్తుందని దాని అర్థం. శరీరం నుంచి వేరుచేసిన కప్ప గుండె తగిన లవణ ద్రావణంలో కొంతసేపు కొట్టుకుంటూనే ఉండటం శరీరధర్మశాస్త్ర ప్రయోగశాలల్లో ప్రసిద్ధమైన దృశ్యం. తల్లి గర్భంలో ఉన్న పిండంలోనూ నాలుగో వారం నాటికే, నాడులు గుండెను చేరకముందే, స్పందన మొదలవుతుంది.

ఈ లయకు మూలం కుడి కర్ణిక పైభాగంలో, ఊర్ధ్వ మహాసిర ప్రవేశించే చోట ఉన్న చిన్న కణ సముదాయం. దీనికి సిరాకర్ణికా కణుపు అని పేరు. బ్రిటన్‌కు చెందిన ఆర్థర్ కీత్, మార్టిన్ ఫ్లాక్ 1907లో దీనిని వర్ణించారు. ఈ కణాల పొరల గుండా సోడియం, కాల్షియం, పొటాషియం అయాన్లు ఒక క్రమంలో లోపలికీ వెలుపలికీ కదులుతుంటాయి. ఆ కదలికతో కణంలో విద్యుత్ స్థాయి మెల్లగా పెరిగి, ఒక హద్దు దాటగానే ప్రేరణ పుడుతుంది. వెంటనే మరో ఆవృతం మొదలవుతుంది.

ఆ ప్రేరణ కర్ణికలంతటా పాకి వాటిని ముడుచుకునేలా చేస్తుంది. తరువాత కర్ణికా జఠరికా కణుపు వద్ద క్షణకాలం, సుమారు సెకనులో పదో వంతు, ఆగుతుంది. జపాన్ శాస్త్రవేత్త సునావో తవారా 1906లో వర్ణించిన ఈ కణుపు దగ్గరి జాప్యం ఎంతో అవసరమైనది. పై గదులు రక్తాన్ని కిందికి దించే వరకు కింది గదులు వేచి ఉండేది దీనివల్లే. అనంతరం హిస్ కట్ట, దాని రెండు శాఖలు, పుర్కింజి తంతువుల గుండా ప్రేరణ జఠరికలకు వేగంగా వ్యాపిస్తుంది. ఈసీజీ కాగితంపై కనిపించే గీతలు ఈ ప్రయాణానికి చిత్రపటం.

మొదటి కేంద్రం విఫలమైతే గుండె వెంటనే ఆగిపోదు. కర్ణికా జఠరికా కణుపు నిమిషానికి 40 నుంచి 60 ప్రేరణలతో బాధ్యత తీసుకుంటుంది. అదీ విఫలమైతే జఠరికల తంతువులే 20 నుంచి 40 వరకు ప్రేరణలు ఇవ్వగలవు. ఆ వేగం శరీర అవసరాలకు చాలదు. అటువంటి రోగులకే వైద్యులు కృత్రిమ పేస్‌మేకర్‌ను అమరుస్తారు.

మరి మెదడు పాత్ర ఏమిటి?

మెదడు గుండెను కొట్టుకునేలా చేయదు, వేగాన్ని మాత్రమే నియంత్రిస్తుంది. సిరాకర్ణికా కణుపును దాని మానాన వదిలేస్తే యువతలో నిమిషానికి సుమారు 100 సార్లు స్పందిస్తుంది. విశ్రాంతిలో వేగస్ నాడి దానిని 70 సమీపానికి తగ్గిస్తుంది. భయం, కోపం, వ్యాయామం వేళల్లో సహానుభూత నాడులూ, అడ్రినల్ గ్రంథుల హార్మోన్లూ వేగాన్ని పెంచుతాయి. మేడమెట్లు ఎక్కడం మొదలుపెట్టిన కొన్ని క్షణాలకే నాడి వేగం పెరగడం వీటి పనే.

గుండె తన ఆహారాన్ని ఎలా పొందుతుంది?

రోజంతా వేల లీటర్ల రక్తం తన గదుల గుండా పోతున్నా గుండె కండరం ఆ రక్తం నుంచి నేరుగా పోషణ పొందలేదు. బృహద్ధమని మొదట్లోనే చీలే రెండు హృదయ ధమనులు, కుడి ఎడమ కరోనరీలు, కండరానికి రక్తాన్ని అందిస్తాయి. ఎడమ జఠరిక ముడుచుకున్నప్పుడు ఈ నాళాలు నొక్కుకుపోతాయి కనుక, అది ప్రధానంగా వదులైన సమయంలోనే పోషణ పొందుతుంది. గుండె మరీ వేగంగా కొట్టుకుంటే ఆ విశ్రాంతి సమయమే ముందుగా తగ్గుతుంది.

ఇక్కడ తరచుగా కలగాపులగమయ్యే మూడు మాటలను వేరుచేసి చూడాలి. హృదయ ధమని మూసుకుపోయి కండరంలో కొంత భాగానికి రక్తం అందకపోవడం గుండెపోటు. ఇది నాళాల సమస్య. విద్యుత్ లయ చెడి గుండె రక్తాన్ని పంపడం ఒక్కసారిగా ఆగిపోవడం హృదయ స్తంభన, అంటే కార్డియాక్ అరెస్ట్. ఇది లయ సమస్య. కండరం క్రమంగా బలహీనపడి శరీర అవసరానికి తగినంత రక్తం పంపలేకపోవడం హృదయ వైఫల్యం. గుండెపోటు మిగిలిన రెండింటికీ దారితీయవచ్చు. మందులకూ, ఇతర చికిత్సలకూ లొంగని హృదయ వైఫల్యంలోనే మార్పిడి ఆలోచన వస్తుంది.

ఛాతీ మధ్యలో నొక్కినట్లు, బిగించినట్లు ఉండే నొప్పి ఎడమ చేతికి, దవడకు, వీపుకు పాకడం, చెమటలు పట్టడం, ఊపిరి అందకపోవడం గుండెపోటు లక్షణాలు. స్త్రీలలో, మధుమేహ రోగుల్లో నొప్పి స్పష్టంగా లేకుండా ఆయాసం, వికారం, నీరసం మాత్రమే కనిపించవచ్చు. మనిషి కుప్పకూలి, స్పృహ లేక, శ్వాస సరిగా లేకపోతే అది హృదయ స్తంభన కావచ్చు. అప్పుడు 112కు ఫోన్ చేసి, ఛాతీ మధ్యలో నిమిషానికి 100 నుంచి 120 సార్లు, 5 నుంచి 6 సెంటీమీటర్ల లోతున నొక్కుతూ ఉండాలి. ఆగిన పంపు పనిని బయటి నుంచి చేతులతో చేయడమే సీపీఆర్.

గాలి కాలుష్యం కూడా గుండెకు ముప్పే. పీఎం 2.5 అనే అతి సూక్ష్మ కణాలు ఊపిరితిత్తుల లోతుకు చేరి, శరీరంలో వాపు ప్రక్రియను రేకెత్తించి, రక్తనాళాలను దెబ్బతీస్తాయి. ఘనపు మీటరుకు వార్షిక సగటు 5 మైక్రోగ్రాములు మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. భారత ప్రమాణం 40 మైక్రోగ్రాములు. ఇటీవలి సంవత్సరాల్లో దిల్లీ వార్షిక సగటు ఆ భారత ప్రమాణానికి రెట్టింపును మించి నమోదవుతోంది. అందువల్ల రాజధానిలో శీతకాలపు పొగమంచు రోజుల్లో హృద్రోగులు ఆరుబయట శ్రమ తగ్గించుకోవాలని వైద్యులు సూచిస్తుంటారు.

గుండె లేని ఛాతీ: శస్త్రచికిత్స ఎలా సాగుతుంది?

గుండెను తొలగించిన సమయంలో దాని పనిని హార్ట్-లంగ్ యంత్రం చేస్తుంది. సిరల నుంచి రక్తాన్ని బయటికి తీసుకొని, ఆక్సిజన్ నింపి, బృహద్ధమనిలోకి తిరిగి పంపుతుంది. అమెరికా వైద్యుడు జాన్ గిబ్బన్ 1953 మేలో ఈ యంత్రం సాయంతో తొలిసారి విజయవంతంగా గుండె శస్త్రచికిత్స జరిపారు.

దాత గుండెను తీసే ముందు పొటాషియం అధికంగా ఉన్న చల్లని ద్రావణాన్ని హృదయ ధమనుల్లోకి పంపుతారు. అయాన్ల సమతౌల్యం మారడంతో గుండె వదులైన స్థితిలో ఆగిపోతుంది. ఆగిన, చల్లబడిన కండరానికి ఆక్సిజన్ అవసరం బాగా తగ్గుతుంది.

అమెరికాలోని స్టాన్‌ఫర్డ్‌లో నార్మన్ షమ్‌వే, రిచర్డ్ లోయర్ 1960 నాటికి కుక్కలపై రూపొందించిన పద్ధతి ఈ శస్త్రచికిత్సకు పునాది. అందులో రోగి గుండెను పూర్తిగా తీసివేయరు. మహాసిరలు, పుపుస సిరలు వచ్చి చేరే కర్ణికల వెనుక గోడలను అలాగే ఉంచుతారు. దాత గుండెలోని కర్ణికలను వాటికి కలిపి కుడతారు. ఆపై పుపుస ధమనిని, బృహద్ధమనిని కలుపుతారు. ఒక్కొక్క సిరను విడివిడిగా కుట్టవలసిన అవసరం తప్పి సమయం ఆదా అవుతుంది. ఈ పద్ధతిలో రోగి పాత సిరాకర్ణికా కణుపు కూడా మిగిలిపోవచ్చు. అందుకే కొందరి ఈసీజీలో రెండు గుండెల కర్ణికలకు చెందిన రెండు వేర్వేరు అలలు కనిపిస్తాయి. కాలక్రమంలో మహాసిరలను నేరుగా కలిపే మరో పద్ధతి కూడా విస్తృతంగా వాడుకలోకి వచ్చింది.

కుట్లు ముగిశాక బృహద్ధమనిపై బిగింపు తొలగిస్తారు. వెచ్చని రక్తం హృదయ ధమనుల్లోకి చేరి, పొటాషియం ద్రావణాన్ని కడిగివేస్తుంది. ఆగిన గుండె తనంతట తానుగా, లేదా స్వల్ప విద్యుత్ ప్రేరణ సాయంతో, తిరిగి కొట్టుకుంటుంది. మెదడు నుంచి వచ్చే ఒక్క నాడినీ వైద్యులు కలపరు, కలపలేరు.

నాడులు తెగిన గుండె

మార్పిడి జరిగిన గుండె విశ్రాంతిలోనూ నిమిషానికి 90 నుంచి 110 సార్లు కొట్టుకుంటుంది. వేగస్ నాడి అదుపు లేకపోవడమే కారణం. వ్యాయామం మొదలుపెట్టగానే దాని వేగం పెరగదు. రక్తంలో హార్మోన్లు చేరాక, కొన్ని నిమిషాలకు మెల్లగా పెరుగుతుంది. పని ఆపాక తగ్గడానికీ సమయం పడుతుంది. నొప్పిని తెలిపే నాడులు కూడా తెగి ఉంటాయి కనుక, కొత్త గుండె ధమనులు ఇరుకైనా చాలామందికి ఛాతీనొప్పి రాదు. వారికి క్రమబద్ధమైన పరీక్షలు తప్పనిసరి.

శస్త్రచికిత్స కంటే కష్టమైన సమస్య శరీరం తిరస్కరణ. రోగనిరోధక వ్యవస్థ కొత్త గుండెను పరాయిదిగా గుర్తించి దాడి చేస్తుంది. 1967 డిసెంబరు 3న దక్షిణాఫ్రికాలోని కేప్‌టౌన్‌లో క్రిస్టియాన్ బర్నార్డ్ ప్రపంచంలో తొలిసారి మనిషి నుంచి మనిషికి గుండె మార్పిడి చేసినప్పుడు రోగి 18 రోజులు జీవించారు. తిరస్కరణను అణచడానికి ఇచ్చిన మందులతో నిరోధక శక్తి తగ్గి, న్యుమోనియా ఆయనను బలిగొన్నది. 1968 ఫిబ్రవరిలో ముంబయి కేఈఎం ఆసుపత్రిలో డాక్టర్ పి.కె.సేన్ భారతదేశంలో తొలి ప్రయత్నం చేశారు. ఆ రోగి కొన్ని గంటలకే మరణించారు. 1980ల ఆరంభంలో సైక్లోస్పోరిన్ అందుబాటులోకి వచ్చాకే గుండె మార్పిడి ఆధారపడదగిన చికిత్సగా మారింది. అటువంటి మందులను మార్పిడి పొందినవారు జీవితాంతం వాడవలసిందే.

గుండె కొట్టుకుంటున్నా మరణమేనా?

సేన్ ప్రయత్నానికీ, వేణుగోపాల్ విజయానికీ మధ్య 26 సంవత్సరాల వ్యవధి ఉంది. మందులు, నైపుణ్యం ఒక కారణమైతే, చట్టం మరో కారణం. తరతరాలుగా గుండె ఆగడమే మరణానికి గుర్తు. అయితే గుండె ఆగి, ఆక్సిజన్ అందక దెబ్బతినే వరకు వేచి ఉంటే ఆ గుండె సాధారణంగా మరొకరికి ఉపయోగపడదు.

గుండె కండరజనితం కావడమే ఈ చిక్కుకు మూలం. మెదడు కాండం శాశ్వతంగా నశిస్తే శ్వాస తనంతట తాను సాగదు. కానీ వెంటిలేటర్ గాలిని అందిస్తూ ఉంటే, గుండె తన సొంత లయతో గంటలపాటు, ఒక్కోసారి రోజులపాటు కొట్టుకుంటుంది. దేహం వెచ్చగా ఉంటుంది, నాడి అందుతుంది, ఛాతీ పైకీ కిందికీ కదులుతుంది. మంచం పక్కన నిలిచిన కుటుంబానికి ఆ మనిషి నిద్రిస్తున్నట్లే కనిపిస్తారు. జీవన్మృతి అనే తెలుగు మాట ఈ స్థితికే వాడుకలోకి వచ్చింది. ఇది కోమా కాదు. కోమాలో ఉన్నవారి మెదడు కాండం పనిచేస్తూ ఉండవచ్చు, వారు కోలుకోవచ్చు. మెదడు కాండం మరణించినవారు కోలుకోవడం సాధ్యం కాదు.

మెదడు కాండ మరణాన్ని మరణంగా గుర్తించిన మానవ అవయవాల మార్పిడి చట్టానికి 1994 జులైలో రాష్ట్రపతి ఆమోదం లభించింది. ఎయిమ్స్ శస్త్రచికిత్స జరిగింది ఆ తరువాత కొన్ని వారాలకే. ఆ చట్టం ప్రకారం నలుగురు వైద్యుల మండలి మరణాన్ని ధ్రువీకరించాలి. కనీసం 6 గంటల వ్యవధితో రెండుసార్లు పరీక్షలు జరపాలి. కంటిపాప వెలుతురుకు స్పందిస్తుందా, గొంతులో గొట్టం కదిలితే దగ్గు వస్తుందా, వెంటిలేటర్ ఆపితే సొంతంగా శ్వాస ప్రయత్నం ఉందా అన్నవి అందులో ముఖ్యమైనవి. అవయవాలను తీసే, అమర్చే శస్త్రవైద్యులు ఆ మండలిలో ఉండరాదు. ఆపై దగ్గరి బంధువుల అంగీకారం కావాలి. అవయవాల క్రయవిక్రయాలు శిక్షార్హమైన నేరం.

నాలుగు గంటల గడువు

మంచు పెట్టెలో భద్రపరచిన గుండెను సాధారణంగా 4 గంటల్లోపు అమర్చి రక్తప్రసారం పునరుద్ధరించాలి. కాలేయానికి అంతకు రెండు మూడు రెట్లు, మూత్రపిండానికి ఒక రోజు వరకు వ్యవధి ఉంటుంది. నిరంతరం శక్తి వినియోగించే కండరం కావడం వల్లే గుండెకు గడువు తక్కువ. రక్తవర్గం, శరీర పరిమాణం సరిపోవడంతో పాటు, దూరం కూడా గ్రహీత ఎంపికలో నిర్ణాయకం కావడానికి కారణం ఇదే.

దిల్లీ వంటి నగరంలో ఆ గడువుకు పెద్ద అడ్డంకి రహదారి. ఇందిరా గాంధీ అంతర్జాతీయ విమానాశ్రయం నుంచి ఎయిమ్స్‌కు ఉన్నది సుమారు 15 కిలోమీటర్లే అయినా, సాయంత్రపు రద్దీలో ఆ దూరం గంటను మింగేయగలదు. అందుకే ట్రాఫిక్ పోలీసులు గ్రీన్ కారిడార్ ఏర్పాటు చేసి, అంబులెన్సుకు దారి పొడవునా కూడళ్లను ఖాళీ చేయిస్తారు. గురుగ్రామ్, నోయిడా ఆసుపత్రులకు వెళ్లే అవయవాల విషయంలో రాష్ట్రాల సరిహద్దు దాటి పోలీసుల సమన్వయం అవసరమవుతుంది. దేశవ్యాప్త కేటాయింపులను పర్యవేక్షించే జాతీయ అవయవ, కణజాల మార్పిడి సంస్థ, నోటో, దిల్లీలో ఎయిమ్స్‌కు ఎదురుగా ఉన్న సఫ్దర్‌జంగ్ ఆసుపత్రి ప్రాంగణం నుంచి పనిచేస్తోంది.

తెలుగు రాష్ట్రాల్లో ఈ బాధ్యత జీవన్‌దాన్ కార్యక్రమానిది. 2004లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో తొలి గుండె మార్పిడి చేసిన డాక్టర్ ఆళ్ల గోపాలకృష్ణ గోఖలేకు 2016లో పద్మశ్రీ లభించింది. 2021 ఫిబ్రవరి 2న హైదరాబాద్‌లో దాత గుండెను నాగోల్ నుంచి జూబ్లీహిల్స్ వరకు, సుమారు 21 కిలోమీటర్లు, ప్రత్యేక మెట్రో రైలులో ఎక్కడా ఆగకుండా తరలించారు.

అంగీకారమే తొలి మెట్టు

1994 నాటి శస్త్రచికిత్సను స్మరిస్తూ కేంద్ర ప్రభుత్వం 2023 నుంచి ఆగస్టు 3ను భారతీయ అవయవదాన దినోత్సవంగా నిర్వహిస్తోంది. అవయవదానానికి నోటో వెబ్‌సైట్‌లో ప్రతిజ్ఞ నమోదు చేసుకోవచ్చు. అయితే ప్రతిజ్ఞ చేసినవారి విషయంలోనూ ఆచరణలో చివరి మాట కుటుంబానిదే. కాబట్టి తమ నిర్ణయాన్ని ఇంట్లో ముందుగా చెప్పి ఉంచడం ప్రతిజ్ఞ పత్రం కంటే ముఖ్యమని వైద్యులు చెబుతారు.

వెంటిలేటర్ పక్కన కుటుంబం ఎదుర్కొనే ప్రశ్న ఎన్నటికీ సులభం కాదు. కళ్ల ముందు గుండె కొట్టుకుంటూనే ఉంటుంది. ఆ స్పందన మెదడు ఇచ్చినది కాదని, అది కుడి కర్ణికలోని చిన్న కణుపు సొంత లయ అని ముందే తెలిసి ఉంటే, వైద్యులు చెప్పే మాటను అర్థం చేసుకోవడానికి కొంత ఆసరా దొరుకుతుంది. 1994 ఆగస్టు 3న ఒక కుటుంబం ఆ క్షణంలో అంగీకరించింది. అందువల్లనే ఒక కార్మికుడు బతికారు.